కుప్ప అడుగున తడి

మా ఆపా కుమార్తెకు నికాహ్ నిశ్చయమైనప్పుడు సామానుల జాబితా రాసే బాధ్యత మాకు అప్పగించారు. బట్టలు, గాజులు, పాత్రలు, దుప్పట్ల వరకు మా కలం సాఫీగానే సాగింది. చివరకు పెళ్లికూతురు స్వయంగా రాసి ఇచ్చిన ఒక చిన్న కాగితం దగ్గర ఆగిపోయింది. అందులో ఉన్నవి నాలుగే వస్తువులు: ఒక ఫౌండేషన్, రెండు లిప్‌స్టిక్‌లు, కనురెప్పలకు అద్దుకునే రంగుల పెట్టె ఒకటి. నాలుగూ పేరున్న విదేశీ కంపెనీలవి. దుకాణంలో విచారిస్తే అన్నీ కలిపి 14 వేల రూపాయలు దాటాయి. తల్లి ముఖంలోకి చూసిన ఆ అమ్మాయి తన ఫోన్ మా ముందుకు జరిపి, "ఖాలా, ఇవే వస్తువులు ఇక్కడ 3,200కే ఇస్తున్నారు. ఒరిజినల్ అని కూడా రాశారు" అన్నది.

మేమూ సంతోషించాము. దాచవలసిన పని లేదు. వెంటనే డబ్బు పంపమని చెప్పినవారిమి మేమే. ఆరో రోజున పార్సిల్ వచ్చింది. పెట్టెలు తళతళలాడుతున్నాయి, పేర్లు సరిగ్గానే ఉన్నాయి. మెహందీకి నాలుగు రోజుల ముందు అమ్మాయి ఒక లిప్‌స్టిక్ వేసి చూసుకున్నది. సాయంత్రానికి పెదవులు వాచాయి, మర్నాటికి చర్మం పొరలుగా లేచింది. డాక్టరు గారు పూత మందు రాసి ఇచ్చి, పెళ్లి అయ్యేంతవరకు ముఖానికి ఏదీ రాయవద్దన్నారు. అమ్మిన వారికి సందేశం పెడితే ముందు జవాబు లేదు, తరువాత ఆ ఖాతాయే మాకు కనిపించడం మానేసింది. ఆ అమ్మాయి నికాహ్ రోజున వట్టి ముఖంతోనే కూర్చున్నది. అల్లాహ్ దయ వల్ల ఎవరూ ఏమీ అనలేదు. కానీ ఆమె ఫోటోలు తీయనివ్వలేదన్న సంగతి మాకు ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటూనే ఉన్నది.

అలంకరణ మీద కోరిక కలగడం తప్పని చెప్పడానికి మేము ఈ శీర్షికలో కూర్చోలేదు. మంచి బట్టలు, మంచి చెప్పులు ఇష్టపడడం అహంకారమా అని ఒక వ్యక్తి అడిగినప్పుడు, అల్లాహ్ సౌందర్యవంతుడని, ఆయనకు సౌందర్యం ఇష్టమని దైవప్రవక్త (స) సమాధానమిచ్చినట్లు సహీహ్ ముస్లింలో ఉన్నది. ఎవరి ముందు అలంకరించుకోవాలి, ఎంతవరకు ఖర్చు పెట్టాలి అన్న హద్దులు మన పాఠకులకు తెలిసినవే. మా ప్రశ్న వేరు. ఖరీదైన వస్తువు తక్కువ ధరకు దొరుకుతున్నదని చెప్పినప్పుడు, అది నిజమా కాదా అన్నది ఎలా తెలుసుకోవాలి?

అదే సహీహ్ ముస్లింలో హజ్రత్ అబూ హురైరా (ర) ఉల్లేఖించిన మరో సంఘటన ఉన్నది. దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు కుప్ప ఒకటి చూసి అందులో చేయి పెట్టారు. పైన పొడిగా ఉన్న కుప్పలో లోపల వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వానకు తడిసిందని యజమాని చెప్పాడు. అలాగైతే తడిసిన భాగాన్ని జనానికి కనిపించేలా పైనే ఎందుకు ఉంచలేదని ఆయన (స) ప్రశ్నించారు. మోసం చేసేవాడికి తనతో సంబంధం లేదని హెచ్చరించారు. ఈ హదీసును మనం సాధారణంగా వర్తకులకు వినిపిస్తాము. కొనుగోలుదారులకు కూడా అందులో ఒక పాఠం ఉన్నది. ఆయన (స) కుప్పను చూసి ముందుకు సాగిపోలేదు, చేయి పెట్టి చూశారు. ఫోన్ తెరలో కుప్ప కనిపిస్తుంది గాని చేయి పెట్టడానికి వీలు లేదు. ఆ చేతికి బదులుగా మనం వాడగలిగినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, కారణం అడగడం. అసలు సరుకు చౌకగా రావడం అసాధ్యమేమీ కాదు. కంపెనీ ఒక రంగును తయారు చేయడం మానేసినప్పుడు మిగిలిన నిల్వను తగ్గించి అమ్ముతుంది. పెట్టె రూపం మారినప్పుడు పాత పెట్టెల ధర పడిపోతుంది. గడువు దగ్గరపడిన సరుకు, పండుగల కోసం చేసి మిగిలిపోయిన కానుక పెట్టెలు, దుకాణాల వార్షిక అమ్మకాలు, ఇవన్నీ నిజమైన తగ్గింపులే. వీటిలో ప్రతిదానికీ నోటితో చెప్పగలిగే కారణం ఒకటి ఉంటుంది. బాగా అమ్ముడుపోతున్న రంగు, కొత్త పెట్టె, గడువు ఇంకా రెండేళ్లు, అయినా నాలుగో వంతు ధరకే, అదీ ఏడాది పొడవునా ఇస్తామంటే దానికి కారణం ఎవరూ చెప్పలేరు. మా అమ్మాయి కాగితంలోని వస్తువులు సరిగ్గా అటువంటివే. ఆ రోజు ఒక్క నిమిషం ఆగి, ఇంత తక్కువకు ఎలా ఇస్తున్నారని అడిగి ఉంటే సరిపోయేది.

చిన్న సైజుల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. సాధారణంగా ఒక లిప్‌స్టిక్‌లో సుమారు 3 నుండి 3.5 గ్రాముల సరుకు ఉంటుంది. సగం పరిమాణం గల బుల్లి లిప్‌స్టిక్‌ను సగం కంటే ఎక్కువ ధరకు అమ్మి, దానినే తగ్గింపుగా చూపించడం జరుగుతుంటుంది. 3 గ్రాములు 1,600 రూపాయలైతే గ్రాముకు 533 పడుతుంది. 1.5 గ్రాములు 900 అయితే గ్రాముకు 600. ఇది మోసం కాదు, బరువు పైనే రాసి ఉంటుంది. లెక్క వేసుకోకపోవడం మన లోపం. అయినా ఒక రంగు తనకు నప్పుతుందో లేదో చూసుకోవాలనుకునే అమ్మాయికి బుల్లిదే మేలు.

రెండవది, అమ్మేవారి పేరు. పెద్ద వెబ్‌సైటులో కొంటున్నాము కాబట్టి భయం లేదని చాలామంది అనుకుంటారు. అనేక పెద్ద వెబ్‌సైట్లు మన వారపు సంతల వంటివి. స్థలం వారిది, దుకాణాలు వేరొకరివి. వస్తువు ఫోటో కింద చిన్న అక్షరాలలో అమ్మకందారు ఎవరో ఉంటుంది. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల పరిరక్షణ నియమాల ప్రకారం అమ్మకందారు పేరు, చిరునామా, వస్తువు ఏ దేశానిది అన్న వివరాలు మనకు కనిపించేలా ఉండాలి. ఈ జాగ్రత్త ఎందుకో అమెరికా అనుభవం చెబుతుంది. అక్కడి ప్రభుత్వ తనిఖీ సంస్థ ఒకటి ప్రసిద్ధమైన అయిదు వెబ్‌సైట్లలో ఇతర అమ్మకందారుల నుండి 47 వస్తువులు కొని పరీక్ష చేయించి, 2018లో నివేదిక ప్రకటించింది. 47లో 20 నకిలీవని తేలింది. వాటిలో అర్బన్ డికే కంపెనీ పేరుతో కొన్న సౌందర్య సాధనాలు 13. ఆ పదమూడూ నకిలీవే. బూట్లలో మాత్రం ఒక్కటి కూడా నకిలీ దొరకలేదు.

కాబట్టి ముందుగా ఆ కంపెనీ సొంత వెబ్‌సైటు తెరిచి, మన దేశంలో తమ సరుకు అమ్మడానికి ఎవరికి అనుమతి ఇచ్చిందో చూడడం ఉత్తమం. నైకా, టీరా వంటి ప్రత్యేక దుకాణాల ద్వారా అనేక విదేశీ కంపెనీలు ఇక్కడ అమ్ముతున్నాయి. ఆ దుకాణాలలో కూడా ఏడాదిలో కొన్నిసార్లు తగ్గింపులు వస్తాయి. 70 శాతం రాకపోవచ్చు. 20, 25 శాతం వస్తుంది, ఆ వచ్చినదానికి రసీదు ఉంటుంది.

మూడవది పెట్టె మీద అంటించిన చీటీ. పార్సిల్ రాగానే అందరి చూపూ కంపెనీ పేరు మీద పడుతుంది, అది ఎవరైనా అచ్చు వేయగలిగినది. చూడవలసినది తెల్లటి చిన్న చీటీని. 2020 నాటి సౌందర్య సాధనాల నియమాల ప్రకారం విదేశాల నుండి తెచ్చి ఇక్కడ అమ్మే ప్రతి సౌందర్య సాధనానికి కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ వద్ద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ రిజిస్ట్రేషన్ నంబరు, దిగుమతిదారు పేరు, చిరునామా పెట్టె మీద ఉండాలి. రూపాయలలో గరిష్ఠ చిల్లర ధర, నికర బరువు, ఫిర్యాదు చేయవలసిన ఫోన్ నంబరు కూడా ఉండాలి. మా పార్సిల్‌లో వచ్చిన నాలుగు పెట్టెల మీదా ఇవేవీ లేవు. మేము తరువాత చూసుకున్నాము. ఆ ఫోటోలు ముందే అడిగి తెప్పించుకుని ఉండవలసినది.

బ్యాచ్ నంబరును ఫోన్‌లో కొట్టి చూస్తే అసలుదో కాదో తెలిసిపోతుందని మన అమ్మాయిలు గట్టిగా నమ్ముతారు. అది సగమే నిజం. ఆ నంబరు తయారీ తేదీని మాత్రమే చెబుతుంది. అసలు పెట్టె ఒకటి కొని, దాని మీది నంబరునే వేల నకిలీ పెట్టెల మీద అచ్చు వేసేవారికి ఆ పరీక్ష అడ్డు కాదు. పెట్టె మీద ఒక నంబరు, లోపలి డబ్బా మీద మరొకటి ఉంటే అనుమానించవచ్చు. రెండూ కలిసినంత మాత్రాన నిశ్చింతగా ఉండలేము. అలాగే మూత తెరిచిన డబ్బా బొమ్మ, పక్కన అంకె వేసి ఉంటుంది చూశారా, అది తెరిచిన తరువాత ఎన్ని నెలలు వాడవచ్చో చెబుతుంది. తక్కువ ధరకు వచ్చిందని నాలుగు కొని మూడేళ్లు దాచుకునే అలవాటు మన ఇళ్లలో ఉన్నది. ఆ బొమ్మను చూస్తే ఆ కొనుగోలు ఎంత లాభమో తెలుస్తుంది.

ఇక పొగడ్తల సంగతి. మేము కొన్న ఖాతాలో వందల మంది మెచ్చుకోలు మాటలు ఉన్నాయి. కొనే ఉద్దేశం లేకుండానే ధర పెంచి పాడి, పక్కవాడిని ఉచ్చులోకి దింపడాన్ని అరబ్బులు నజష్ అనేవారు. దైవప్రవక్త (స) దానిని నిషేధించినట్లు హజ్రత్ ఇబ్నె ఉమర్ (ర) ఉల్లేఖించారు. డబ్బు తీసుకుని, వాడని వస్తువును పొగిడే నేటి వ్యాఖ్యలకు దానికన్నా దగ్గరి పోలిక మాకు కనిపించలేదు. "ఇంకా రెండే మిగిలాయి", "పది నిమిషాలలో ధర మారిపోతుంది" అంటూ తెర మీద గడియారం తిప్పడం కూడా ఆ కోవలోదే. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ ప్రకటించిన మార్గదర్శకాలలో ఇటువంటి బూటకపు తొందరను నిషిద్ధ పద్ధతులలో చేర్చారు. గడియారం తిరుగుతూ ఉంటే ఫోన్ పక్కన పెట్టి ఒక నమాజు చేసుకుని రండి. అనేకసార్లు ఆ రెండూ అలాగే మిగిలి ఉంటాయి.

నకిలీ వస్తువు వల్ల పోయేది డబ్బే అయితే మేము ఇంత పొడుగున రాసి ఉండేవారము కాము. 2018 ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్ పోలీసులు అక్కడి ఒక బజారులో సుమారు 7 లక్షల డాలర్ల విలువగల నకిలీ సౌందర్య సాధనాలను పట్టుకున్నారు. వాటిని పరీక్షించినప్పుడు బాక్టీరియా, మలం బయటపడ్డాయి. పెదవులకు రాసుకునేది కొంత కడుపులోకి పోతుందన్నది గుర్తు చేయనవసరం లేదు. లిప్‌స్టిక్‌లో కార్మైన్ అనే పురుగుల రంగు ఉన్నదా, దాని తీర్పు ఏమిటి అని మన సోదరీమణులు ఆలిమ్‌లను అడుగుతుంటారు. మంచి ప్రశ్నే. కానీ నకిలీ పెట్టె మీది పదార్థాల జాబితా కూడా అసలు పెట్టె నుండి ఎత్తి రాసినదే. లోపల ఏమున్నదో పెట్టె చెప్పదు. హలాల్ ముద్ర ఉన్నా అది అచ్చు వేసిన ముద్రే.

మన దేశంలో కూడా ఇటువంటి దుఃఖం జరిగింది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో మూత్రపిండాల వైద్యులు అరుదైన ఒక జబ్బు వరుసగా రావడం గమనించి ఆరా తీస్తే, రోగులలో చాలామంది ముఖం తెల్లబడడానికి క్రీములు వాడినవారని తేలింది. ఆ క్రీములలో పాదరసం పాళ్లు అధికంగా ఉన్నాయి. పాదరసం చర్మం గుండా రక్తంలోకి చేరి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. (సుర్మా విషయంలో కూడా ఒక మాట. ఇస్మిద్ సుర్మా ప్రస్తావన హదీసులలో ఉన్నది. కానీ ఆ పేరుతో బజారులో దొరికే పొడులు అనేకం సీసపు ఖనిజమేనని పరీక్షలలో తేలింది. తయారీదారు పేరు లేని సుర్మాను పసిబిడ్డల కళ్లకు పెట్టవద్దని తల్లులను వేడుకుంటున్నాము.)

దుబాయి నుండో జెద్దా నుండో మామయ్య పెట్టెలో తెచ్చిన వస్తువుకు మాత్రం పైన చెప్పిన చీటీ ఉండదు. అది సొంత వాడకానికి తెచ్చినది కాబట్టి అనుమానించనక్కర లేదు. ఏ దుకాణంలో కొన్నారో అడిగి రసీదు చూస్తే చాలు. అదే వస్తువును "గల్ఫ్ సరుకు" అని చెప్పి పెట్టెల లెక్కన అమ్ముతున్నారంటే అది వేరే సంగతి. గల్ఫ్ అన్న మాట మన ఇళ్లలో చాలా నమ్మకాన్ని కొనిపెడుతుంది. ఆ నమ్మకం అమ్మేవారికి బాగా తెలుసు.

ఇక్కడితో ముగించాలనే అనుకున్నాము. కానీ మా పెళ్లింటి గోడు విన్న పొరుగింటి సోదరి ఒకరు మర్నాడు వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయారు. ఆమె భర్తకు రియాద్‌లో పని పోయి ఏడాదిన్నర అయింది. పిల్లల ఫీజు, ఇంటి అద్దె ఆమె వాట్సాప్ గ్రూపులో అమ్మే మేకప్ సామాను మీదే నడుస్తున్నాయి. అవి "ఫస్ట్ కాపీ" వస్తువులు. "ఆపా, నేను ఎవరికీ ఒరిజినల్ అని చెప్పలేదు. కాపీ అని చెప్పే అమ్ముతున్నాను. ఇందులో నా మోసం ఏమున్నది?" అని అడిగారు.

ఆమెకు వెంటనే సమాధానం చెప్పలేకపోయాము. ఇల్లు గడవడానికి ఒంటరిగా పోరాడుతున్న స్త్రీకి తీర్పు వినిపించడం సులభమైన పని కాదు. మేము ముఫ్తీలము కూడా కాము. మసలా అడగవలసినవారు వేరే ఉన్నారని ఆమెకు చెప్పాము. అయితే మా మనసుకు తోచినది కూడా దాచలేదు. కాపీ అని చెప్పడం వల్ల పేరు అబద్ధమన్న సంగతి తెలిసింది, తడి మాత్రం లోపలే ఉండిపోయింది. ఎవరు చేశారు, ఎక్కడ చేశారు, అందులో ఏమి కలిపారు అన్నది కొనేవారికి ఆమె చెప్పలేరు, ఎందుకంటే ఆమెకే తెలియదు. ఫస్ట్ కాపీ, మాస్టర్ కాపీ అన్నవి నాణ్యతకు మెట్లు కావు. అవి అమ్మేవారు పెట్టుకున్న ముద్దు పేర్లు. ఆమె దగ్గర కొన్నవారిలో ఇద్దరు బ్యూటీ పార్లర్ నడుపుతున్నారు. వారి కుర్చీలో కూర్చునే పెళ్లికూతుళ్లకు ఆ మాట ఎవరు చెబుతారు? మరొకరి పేరును తన సరుకు మీద వేసుకుని అమ్మే సౌందర్య సాధనాన్ని 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం నకిలీగానే లెక్కిస్తుంది, దాని అమ్మకాన్ని నిషేధిస్తుంది. కాపీ అని ముందే చెప్పినంత మాత్రాన ఆ నిషేధం తొలగిపోదు.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) కూఫాలో వస్త్ర వ్యాపారి అన్నది మనకు తెలిసినదే. లోపం ఉన్న ఒక వస్త్రాన్ని ఆ లోపం చెప్పి అమ్మమని ఆయన తన భాగస్వామికి పంపగా, ఆయన మరచిపోయి చెప్పకుండానే అమ్మేశారని, కొన్నవారు ఎవరో తెలియక ఇమామ్ గారు ఆ సొమ్మంతా దానం చేశారని జీవిత చరిత్రకారులు రాశారు. మేము ఆ కథ చెబుతూ ఉండగానే ఆ సోదరి కళ్లు తుడుచుకుని, "నా కొనుగోలుదారులు నాకు తెలుసు కదా" అన్నారు.

మా అమ్మాయి విషయంలో మేము చేసినది ఇది. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫోన్ చేశాము, పార్సిల్ ఫోటోలు, డబ్బు పంపిన రుజువు, డాక్టరు చీటీ జతచేశాము. నమోదైన వెబ్‌సైటులో కొని ఉంటే పని తేలికయ్యేది. అక్కడ ఫిర్యాదుల అధికారి ఉండాలి, 48 గంటలలో ఫిర్యాదు అందినట్లు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లినా 5 లక్షల వరకు రుసుము లేదు. మాకు మాత్రం ఎదుట ఉన్నది పేరు లేని ఖాతా. డబ్బు తిరిగి రాలేదు. పార్సిల్ తెరిచేటప్పుడు ఆపకుండా వీడియో తీసి ఉంటే మంచిదని అక్కడి ఉద్యోగిని చెప్పారు. ఇప్పుడు మా ఇంట్లో అదే పద్ధతి.

వలీమా తరువాత అమ్మాయి పెదవులు పూర్తిగా నయమయ్యాయి. నాలుగు వస్తువులలో ఒక లిప్‌స్టిక్ మాత్రమే కావాలన్నది. పెట్టె మారబోతున్నందున కంపెనీ అనుమతి ఉన్న దుకాణంలో 25 శాతం తగ్గింపు నడుస్తున్నది. చీటీ చదివి, రసీదు తీసుకుని కొనిపెట్టాము.

పొరుగింటి సోదరి తన గ్రూపులో అందరికీ సందేశం పెట్టారు, వస్తువు తిరిగి ఇస్తే డబ్బు ఇస్తానని. పదకొండు మంది తీసుకున్నారు. ఇద్దరు మాత్రం తమకు కాపీయే చాలునని, మళ్లీ ఎప్పుడు తెప్పిస్తారని అడిగారు. ఆమె ఇప్పుడు ఒక దేశీయ కంపెనీ పంపిణీదారు వద్ద బిల్లుతో సరుకు తెచ్చి అమ్ముతున్నారు. పోయిన సంవత్సరం ఇదే నెలలో ఆమెకు 9 వేలు మిగిలాయట. ఈ నెల మిగిలినది 1,900.